ఇంజను బోరుకొచ్చిందా? ఒక పాత ప్రశ్న వెనుక నూరేళ్ళ చరిత్ర

మీ ఇంట్లో పాత కాంటెస్సా కారు ఒకటి ఉందనుకుందాం. ఒకప్పుడు వేగానికీ దర్జాకూ పేరు మోసిన బండి. ఇప్పుడు చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆయాసపడుతోంది. వెనక గొట్టంలోంచి నీలిరంగు పొగ వస్తోంది. నెల తిరక్కుండానే ఆయిలు మట్టం తగ్గిపోతోంది. మెకానిక్కు బానెట్టు ఎత్తి, నాలుగు క్షణాలు చెవి ఒగ్గి విని, "ఇంజను బోరుకొచ్చింది సార్, దింపాలి" అంటాడు. పక్కనే ఉన్న మరో మెకానిక్కు, "పాత ఇంజను మీద డబ్బు పోయడం దేనికి? తీసేసి వేరేది ఎక్కించేద్దాం" అంటాడు. ఎవరి మాట వినాలి?

పుదుచ్చేరి పట్టణంలో ఉత్తరాన ఉన్న ముత్తియాల్‌పేటలో అడిగినా, విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులూ వినిపిస్తాయి. ఇద్దరు మెకానిక్కులూ తమ అనుభవం కొద్దీ నిజమే చెబుతూ ఉండవచ్చు. అయితే మోటారు కారు చరిత్రను కాస్త తిరగేస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇంజను బ్లాకును పోతపోసిన రోజునే ఈ ప్రశ్నకు సగం జవాబు అందులో ఇమిడిపోతుంది. మిగతా సగం, దానికి కావలసిన భాగాలు మీకు దొరుకుతాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అభిమానం, మోజు ఈ రెండింటి తర్వాతే రావాలి.

ఈ కథలోని కొన్ని ముఖ్య ఘట్టాలు మనకు దగ్గరలోనే జరిగాయి. ముత్తియాల్‌పేట నుంచి తీరం వెంట ఉత్తరానికి వెళితే చెన్నై, అది దాటితే షోలవరం. పడమరకు రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి కోయంబత్తూరు. అక్కడికి వెళ్ళే ముందు అసలు అరుగుదల ఏమిటో చూద్దాం.

బోరు, థౌ, స్లీవు

పిస్టను సిలిండరులో నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ కదులుతుంది. పైకొసకు చేరి వెనక్కి తిరిగేచోట దాని వేగం ఒక్క క్షణం సున్నా అవుతుంది. కదలిక లేనిచోట ఆయిలు పొర పలచబడుతుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే పీడనం, వేడి కూడా సరిగ్గా అక్కడే ఎక్కువ. కనుక సిలిండరు గోడ అంతటా సమానంగా అరగదు. పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ అరిగి లోపలి రంధ్రం గరాటు ఆకారానికి వస్తుంది. కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగా నెట్టడం వల్ల పిస్టను ఒక పక్కకు ఒరుసుకుంటుంది. అందువల్ల గుండ్రని రంధ్రం కోడిగుడ్డు రూపం కూడా పొందుతుంది. రింగులు ఎంత కొత్తవైనా గుండ్రంగా లేని గోడను పూర్తిగా మూయలేవు. ఆయిలు పైకి పాకి మండుతుంది. నీలి పొగ దానిదే. మండిన వాయువు కిందికి జారుతుంది; తగ్గిన శక్తి దానిదే.

దీనికి పాత వైద్యం బోరు కొట్టించడం. అరిగిన రంధ్రాన్ని బోరింగు యంత్రంతో మరికొంత పెద్దదిగా, తిరిగి సరైన గుండ్రంగా చెక్కి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టన్లు వేస్తారు. అంగుళంలో వెయ్యోవంతును మెకానిక్కులు 'థౌ' అంటారు. మొదటిసారి 20 థౌ, తర్వాత 40, ఆపైన 60. అంటే ఇంజనుకు రెండు మూడు జన్మలు తయారీదారు ముందుగానే రాసిపెట్టాడన్నమాట. అన్నీ అయిపోయాక బ్లాకులో స్లీవు దిగ్గొట్టి, మళ్ళీ మొదటి కొలతకు రావచ్చు. క్రాంకు షాఫ్టుదీ ఇదే పద్ధతి. అరిగిన జర్నల్‌ను 10, 20, 30 థౌ చొప్పున సానపట్టి, అంతే మందం ఎక్కువగా ఉన్న బేరింగులు వేస్తారు. ఇదంతా సాధ్యం కావాలంటే పోత ఇనుప బ్లాకు గోడలు దళసరిగా ఉండాలి. బ్లాకు పుట్టుకలోనే జవాబు ఉందన్నది ఇందుకే.

కొత్తది దొరకని దేశంలో

కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు (గోపాలస్వామి దొరస్వామి నాయుడు) పేరు మీరు వినే ఉంటారు. చదువు మీద శ్రద్ధలేని ఈ యువకుడు ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి ముచ్చటపడ్డాడు. హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొన్నాడు. కొన్నాక మొదట చేసిన పని, దాన్ని మొత్తం విప్పి మళ్ళీ బిగించడం. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలైన ఆయన సంస్థ యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగి దక్షిణ భారతంలోని పెద్ద బస్సు సంస్థలలో ఒకటైంది. ఇంజన్లన్నీ సముద్రం దాటి రావలసిన రోజులవి. బస్సు నిలబడిపోతే దూరదేశపు ఓడ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు. విప్పి, కొలిచి, చెక్కి, బిగించగలిగినవాడే బస్సులు నడపగలిగాడు.

1952లో నాయుడు రెండు సీట్ల పెట్రోలు కారు ఒకటి రూపొందించాడు. రెండు వేల రూపాయలకే అమ్మవచ్చని ఆయన లెక్క. ప్రభుత్వం నుంచి తయారీకి అనుమతి రాలేదు. అదే కాలంలో దేశం మరో మలుపు తిరిగింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడం చాలదు, క్రమంగా ఇక్కడే తయారు చేయాలి అని 1953లో ప్రభుత్వం నిర్ణయించింది. 1954 నాటికి జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ భారతదేశంలో తమ అసెంబ్లీ పని ఆపేశాయి. వాటి కార్లు మాత్రం రోడ్లమీద మిగిలిపోయాయి. కొత్త ఇంజను కొనడమన్నది వాటి యజమానులకు దాదాపు అసాధ్యమైపోయింది.

అప్పుడు నిలబెట్టినవి బోరింగు షాపులు, వాటికి సరుకందించిన కర్మాగారాలు. మద్రాసులో 1949లోనే ఇండియా పిస్టన్స్ సంస్థ ఏర్పడింది. ఓవర్‌సైజు పిస్టను దేశంలోనే దొరికితే పాత బ్లాకుకు ప్రాణం పోయడం సులువు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఆ తరంలో ఇంజను మార్చాలా, బాగు చేయించాలా అన్న ప్రశ్నే లేదు. బాగు చేయించడం ఒక్కటే దారి. మన మెకానిక్కుల చేతిలో ఉన్న నేర్పు చాలావరకు ఆ కరువు నేర్పిన విద్య.

ఈ విద్యకు పరీక్షా స్థలం షోలవరం. నెల్లూరు నుంచి మద్రాసుకు వచ్చే గ్రాండ్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు మీద, మద్రాసు ఇంకా దగ్గరలో ఉందనగా తగిలే ఊరు ఇది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే ఇక్కడ మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు ఇక్కడే పందేలు నడిపింది. ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ వంటి ఇంటి కార్లే చాలామందికి పందెపు కార్లు. కొత్త ఇంజను దొరకదు కనుక ఉన్నదానికే పదును పెట్టేవారు. సిలిండరు హెడ్డును కొద్దిగా చెక్కి సంపీడన నిష్పత్తి పెంచడం, గాలి వచ్చే దారులను నునుపు చేయడం, క్యామ్ షాఫ్టు ఆకృతి మార్చడం ఇందులోని మెలకువలు. 1990లో ఇరుంగాట్టుకోట్టై దగ్గర ప్రత్యేకమైన పందెపు బాట తయారయ్యాక షోలవరం ముచ్చట ముగిసింది.

కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1988లో ఫార్ములా మారుతి పందెపు కారును రూపొందించినప్పుడు దానికి అమర్చింది మారుతి 800 కారులోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. ఆ ఎంపికలోని వివేకం గమనించండి. ఊరూరా విడిభాగాలు దొరికే ఇంజను పందెంలో చెడినా రిపేరుకు వస్తుంది, మార్పుకూ వస్తుంది.

పాత బ్లాకుతో ప్రపంచ విజయం

"ఇదంతా పేదరికం నేర్పిన పద్ధతి. డబ్బున్నచోట ఎవరైనా కొత్తదే వేస్తారు" అని మీరు అనవచ్చు. అయితే ఫార్ములా వన్ చరిత్ర వినండి.

1966లో ఫార్ములా వన్ ఇంజను పరిమితి 1.5 లీటర్ల నుంచి 3 లీటర్లకు మారింది. జట్లన్నీ కొత్త ఇంజన్ల కోసం వెతుకులాడుతుండగా ఆస్ట్రేలియాకు చెందిన జాక్ బ్రాభమ్ తన దేశంలోని రెప్కో సంస్థ దగ్గరికి వెళ్ళాడు. రెప్కో పందెపు ఇంజన్లకు పేరున్న సంస్థ కాదు. మోటారు వాహనాల మార్పిడి భాగాల వ్యాపారం దానిది. ఆ పేరు పుట్టిందే ఆ మాటల్లోంచి. ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ అమెరికాలో జనరల్ మోటార్స్ అప్పటికే వదిలేసిన ఓల్డ్స్‌మొబైల్ అల్యూమినియం వి-8 బ్లాకును తీసుకుని, దాన్ని దృఢపరచి, కొత్త హెడ్లు, కొత్త లోపలి భాగాలు అమర్చాడు. శక్తి సుమారు 300 అశ్వశక్తి. అంతకన్నా బలమైన ఇంజన్లున్న ప్రత్యర్థులు లేకపోలేదు. కానీ ఇది తేలిక, నమ్మకమైనది. ఆ ఏడాది ఫ్రాన్సు, బ్రిటన్, నెదర్లాండ్స్, జర్మనీలలో వరుసగా నాలుగు పందేలు గెలిచి బ్రాభమ్ ప్రపంచ విజేత అయ్యాడు. తన పేరున్న కారులోనే ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి డ్రైవరు ఆయనే.

పదిహేడేళ్ళ తర్వాత, 1983లో, అదే బ్రాభమ్ జట్టు కారులో నెల్సన్ పికే ప్రపంచ విజేత అయ్యాడు. టర్బో ఇంజనుతో వచ్చిన మొదటి డ్రైవర్ల టైటిల్ అది. బి.ఎమ్.డబ్ల్యు. ఇంజనీరు పాల్ రోషె బృందం తయారుచేసిన ఆ 1.5 లీటర్ల ఇంజనుకు ఆధారం, 1960ల మొదట్లో మామూలు కార్ల కోసం రూపొందిన ఇనుప బ్లాకు. అంతేకాదు, రోడ్లమీద వేలకొద్దీ కిలోమీటర్లు తిరిగిన పాత బ్లాకులనే వారు ఏరి వాడుకున్నారు.

ఎందుకు? పోతపోసిన ఇనుము చల్లారేటప్పుడు దళసరి భాగాలు నెమ్మదిగా, పలచని భాగాలు త్వరగా గడ్డకడతాయి. దానివల్ల లోహంలో ఒకదానినొకటి లాగే ఒత్తిళ్ళు మిగిలిపోతాయి. కొత్త బ్లాకును చెక్కి వేడిచేస్తే ఆ ఒత్తిళ్ళు సడలి కొలతలు కొద్దిగా వంకరపోతాయి. ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ వచ్చిన బ్లాకులో ఆ సర్దుబాటంతా అప్పటికే జరిగిపోయి ఉంటుంది. కొత్త ఆవకాయ కన్నా ఊరిన ఆవకాయ నిలకడగా ఉన్నట్టే ఇదీను. పగుళ్ళు లేని పాత బ్లాకును సరిగ్గా కొలిచి, సరిగ్గా చెక్కితే అది కొత్తదానికి తీసిపోదు.

మార్చక తప్పని ఇంజన్లు

దీన్నిబట్టి ఎప్పుడూ పాతదాన్నే బాగు చేయించాలి అనుకుంటే పొరపాటు. దీనికి ఎదురు సాక్ష్యం జర్మనీలో ఉంది.

1967లో ఎన్.ఎస్.యు. సంస్థ ఆర్.ఓ. 80 అనే కారు విడుదల చేసింది. పిస్టన్లు లేని వాంకెల్ రోటరీ ఇంజను, 115 అశ్వశక్తి. 1968కి యూరప్‌లో 'ఆ ఏటి మేటి కారు' బహుమతి దానికే వచ్చింది. కానీ త్రికోణాకారపు రోటరు కొసలలో ఉండే సీళ్ళు త్వరగా అరిగిపోయేవి. గ్యారంటీ కింద సంస్థ ఇంజన్లకు ఇంజన్లే ఉచితంగా మార్చవలసి వచ్చింది. ఆ కారు నడిపేవాళ్ళు ఎదురుపడినప్పుడు ఎన్ని ఇంజన్లు మారాయో వేళ్ళతో చూపించుకునేవారని ఒక హాస్యకథ కూడా పుట్టింది. ఈ ఖర్చు సంస్థ నడుం విరిచింది. 1969లో అది ఫోక్స్‌వాగన్ అధీనంలోని ఆటో యూనియన్‌తో కలిసిపోవలసి వచ్చింది. కొందరు యజమానులు విసిగి రోటరీని తీసేసి ఫోర్డ్ వి-4 ఇంజను ఎక్కించుకున్నారు. లోపం అరుగుదలలో కాక రూపకల్పనలోనే ఉన్నప్పుడు, అదే ఇంజనును ఎన్నిసార్లు బాగు చేసినా అదే రోగం తిరగబెడుతుంది. అక్కడ మార్పే మందు.

రెండో రకం, తిరిగి చెక్కడానికి వీల్లేని గోడలున్న ఇంజన్లు. 1967లోనే జర్మనీలోని మాలే సంస్థ 'నికాసిల్' అనే పూత తెచ్చింది. నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిసిన ఈ పూతను మొదట రోటరీ ఇంజన్ల కోసమే తయారుచేశారు. తర్వాత ఎన్నో వేగవంతమైన కార్ల, మోటారు సైకిళ్ళ అల్యూమినియం సిలిండర్లలోకి అది పాకింది. మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని ఆ పూత చాలా గట్టిది, ఆయిలును బాగా పట్టి ఉంచుతుంది. అయితే 20 థౌ బోరు కొట్టారంటే పూత పూర్తిగా పోయి మెత్తని అల్యూమినియం బయటపడుతుంది. మళ్ళీ పూత వేయించే కర్మాగారం అందుబాటులో లేకపోతే ఆ బ్లాకు కథ ముగిసినట్టే. ఇనుప బ్లాకుకు వాడే సామెతలు దీనికి పనికిరావు.

కాంటెస్సా చెప్పే పాఠం

ఇప్పుడు మన కాంటెస్సా దగ్గరికి వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ 1984లో బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కారు నమూనాతో దీన్ని తెచ్చింది. ఒళ్ళు కొత్తదే గాని గుండె మాత్రం అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజను, సుమారు 50 అశ్వశక్తి. బండి బరువుకు అది చాలలేదు. తర్వాత సంస్థే ఆ ఇంజనును పక్కనపెట్టి జపాన్‌కు చెందిన ఇసుజు 1817 సీసీ ఇంజను అమర్చింది. కాంటెస్సా క్లాసిక్‌కు వేగం పేరు వచ్చింది ఆ మార్పుతోనే. 1993లో అంబాసిడర్‌కూ ఇసుజు ఇంజను వచ్చింది.

పాత 1489 సీసీ ఇంజనును బోరు కొట్టించి ఈ శక్తి తేలేమా? లెక్క చూడండి. దాని సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. 60 థౌ, అనగా 1.524 మిల్లీమీటర్లు పెంచితే వ్యాసం 74.549 అవుతుంది. నాలుగు సిలిండర్ల ఘనపరిమాణం సుమారు 1552 సీసీ. అంటే 4 శాతం పైచిలుకు పెరుగుదల మాత్రమే. బోరు కొట్టించడం పోయిన శక్తిని తిరిగి తెస్తుంది. లేని శక్తిని తేదు. బాగు చేయించడానికీ, మార్చడానికీ మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

మరో విషయం. సంస్థ ఇసుజు ఇంజను పెట్టినప్పుడు దానితోపాటు అయిదు గేర్ల పెట్టె కూడా వచ్చింది. ఇంజను ఒక్కదాన్నే మార్చడం అన్నది మాటవరసకే. కొత్త ఇంజనుకు తగిన మౌంటింగులు, క్లచ్చి, రేడియేటరు, ప్రొపెల్లర్ షాఫ్టు, అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకులు కావాలి. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వేగం పెరిగితే బ్రేకులు ఆపవలసిన గతిశక్తి నాలుగోవంతు కాక 56 శాతం పెరుగుతుంది, ఎందుకంటే గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. పాత బ్రేకుల మీద కొత్త ఇంజను ఎక్కించినవాడు ఆ 56 శాతాన్ని తన కుటుంబం ప్రాణాలతో పందెం కాస్తున్నాడు.

చట్టం కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజను నంబరు ఉంటుంది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. కనుక అదే రకం ఇంజను వేయించినా ముందుగా రవాణా అధికారి అనుమతి అడగాలి. వేరే రకం అయితే పని మొదలుపెట్టకముందే అది సాధ్యమా కాదా తెలుసుకోవాలి.

ఏ వరుసలో ఆలోచించాలి?

మొదట, ఇంజను ఎందుకు చెడిందో తేల్చండి. రేడియేటరు పూడుకుపోయి వేడెక్కి చెడిందా? ఆయిలు పంపు బలహీనపడి బేరింగులు కాలాయా? లేక వయసు మీరి అరిగిందా? కారణం తేలకుండా కొత్త ఇంజను వేస్తే అదే రేడియేటరు దాన్నీ తినేస్తుంది.

రెండోది, ఇంజను విప్పించి బ్లాకును కొలిపించండి. గేజితో ప్రతి సిలిండరునూ పైన, మధ్యన, కింద, రెండు దిశలలోనూ కొలవాలి. ఇనుప బ్లాకు, క్రాంకులలో పగుళ్ళను అయస్కాంత పద్ధతిలో, అల్యూమినియం హెడ్డులోని పగుళ్ళను రంగు ద్రవంతో పట్టవచ్చు. చెవితో విని చెప్పే తీర్పు అనుమానానికి పనికొస్తుంది, నిర్ణయానికి చాలదు.

మూడోది, ఇంతకు ముందు ఎన్నిసార్లు బోరు కొట్టారో చూడండి. పిస్టను తల మీద 20, 40 అని అంకె ఉంటుంది. 60 కూడా దాటితే స్లీవుకు అవకాశం ఉందేమో అడగండి.

నాలుగోది, బోరు కొట్టించక ముందే పిస్టన్లు, రింగులు, బేరింగులు చేతికి తెచ్చుకోండి. కాంటెస్సా తయారీ 2002లో, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాయి. పిస్టను చేతిలో ఉంటే దాన్ని కొలిచి దానికి తగ్గట్టు రంధ్రం చెక్కుతారు. ముందు రంధ్రం చెక్కి, తర్వాత పిస్టను కోసం ఊళ్ళు తిరగడం పెళ్ళి ముహూర్తం పెట్టుకుని వరుణ్ణి వెతికినట్టు.

అయిదోది, బయట కొనే 'సెకండ్ హ్యాండ్' ఇంజనుకూ ఇవే పరీక్షలు పెట్టండి. కొలవని ఇంజను మీకు కొత్తది కావచ్చు, దానికి మాత్రం అది కొత్త జన్మ కాదు. కొందరి ఖాతాలో మార్పు చవక అనిపించేది, ఎక్కించిన ఇంజనును మళ్ళీ దింపవలసిన రోజు దాకానే.

బ్లాకు గట్టిదై, చెక్కడానికి లోహం మిగిలి, భాగాలు దొరికితే బాగు చేయించండి. బ్లాకు పగిలినా, రూపకల్పనలోనే లోపమున్నా, గోడల మీద పూత పోయి తిరిగి వేయించే దారి లేకపోయినా మార్చండి. మీకు కావలసింది పోయిన శక్తా, ఎన్నడూ లేని శక్తా అన్నది మెకానిక్కు అడగకముందే మీరే అడుగుకోండి.

నేటి కార్లలో పలచని గోడల అల్యూమినియం బ్లాకులు ఎక్కువవుతున్నాయి. వాటిలో చాలావాటికి రెండో జన్మ తయారీదారు రాసిపెట్టలేదు. బోరింగు యంత్రం ముందు నిలబడి వెయ్యోవంతు అంగుళాన్ని వేలికొసతో పసిగట్టే పనివాడికి పని తగ్గుతోంది. మీ పాత కారు బ్లాకు కొలతకు నిలిచిందంటే, ఆ పనివాడు మీ ఊళ్ళో ఇంకా షాపు తెరుస్తున్నాడంటే, ఆ రెండూ ఉన్నప్పుడే పని చేయించుకోండి.